మా అమ్మనడిగారా?

శ్రోతలకు నమస్కారం. ఒక పని వెంట పడుతున్నప్పుడు ఒకరికి హుషారు, ఒకరికి చిరాకు, మరొకరికి టెన్షన్. ఇది స్వభావాన్ని బట్టే కాదు, పెరిగిన వాతావరణాన్ని బట్టి కూడా మారుతుంది. నాకు చాలా ఇష్టమైన ఒక ప్రయోగం చెబుతాను.

షీనా అయ్యంగార్ మనస్తత్వ శాస్త్రవేత్త. ఢిల్లీ నుంచి వలస వెళ్లిన సిక్కు దంపతుల కూతురు. ఆమె, మార్క్ లెపర్ అనే మరో మనస్తత్వ శాస్త్రవేత్త కలిసి చేసిన ఈ ప్రయోగం 1999లో అచ్చయింది. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఏడు నుంచి తొమ్మిదేళ్ల పిల్లలకు ఒక ఆట ఇచ్చారు. తారుమారైన అక్షరాలను సరిచేసి మాట కట్టాలి. కొందరు పిల్లలు ఏ పదాలు కట్టాలో, ఏ రంగు పెన్నుతో రాయాలో తామే ఎంచుకున్నారు. కొందరికి అక్కడి టీచరమ్మ లాంటి ఆవిడ ఎంచింది. మిగతావాళ్లకు "ఇది మీ అమ్మ ఎంచింది" అని చెప్పారు.

అమ్మ ఎంచిందనగానే ఒక తెల్ల అమెరికన్ పాపకు తల కొట్టేసినట్లయింది. మా అమ్మనడిగారా అంది! ఒక జపాన్ కుటుంబం పాపేమో, అమ్మ చెప్పినట్టే చేశానని అమ్మకు చెప్పండి అని బతిమాలింది. ఫలితాలూ అలాగే వచ్చాయి. తెల్ల పిల్లలు తాము ఎంచుకున్నప్పుడు బాగా చేశారు. చైనా, జపాన్ కుటుంబాల పిల్లలు అమ్మ ఎంచిందన్నప్పుడు అందరికంటే బాగా చేశారు.

అమ్మంటే భయమేమో అంటారా? ఆట అయ్యాక ఖాళీ సమయం ఇచ్చి చూశారు. ఎవరూ చెప్పకుండానే ఆ పిల్లలు అదే ఆట ఎక్కువసేపు ఆడారు. భయమైతే ఆడతారా?

అసలు సంగతి ఇంకొకటి ఉంది. ఆ టీచరమ్మ లాంటి పరాయి ఆవిడ ఎంచినప్పుడు రెండు రకాల పిల్లలకూ ఆసక్తి తగ్గింది. ఇద్దరికీ!

మన ఇళ్లలో ఇంజనీరింగ్ కౌన్సెలింగ్ రోజులు గుర్తు చేసుకోండి. పిల్లాడికి అమ్మానాన్నల కోరిక బరువే కాదు, చాలాసార్లు బలం కూడా. అందులో తప్పేమీ లేదంటాను. కానీ "కంప్యూటర్ సైన్సే తీసుకో" అన్న మాట నిజంగా అమ్మదేనా? పక్కింటావిడదా? పెళ్లిలో కలిసిన బాబాయిదా? బయటి మాటే అమ్మ నోటి గుండా వస్తే, పిల్లాడు అది పసిగడతాడు.

కాబట్టి ఈసారి వెబ్ ఆప్షన్లు, అంటే కావాల్సిన కాలేజీలు, బ్రాంచీలు ఆన్‌లైన్‌లో పెట్టే ముందు ఒక కాగితం తీసుకోండి. ఒక్కో బ్రాంచి పక్కన, అది మొదట ఎవరు అన్నారో రాయండి. బయటివాళ్ల పేరున్నవి పిల్లాడి చేతికిచ్చి, ఉంచాలో కొట్టేయాలో వాడినే అడగండి. ఆప్షన్లు ఫ్రీజ్, అంటే ఖరారు చేసేలోపు మార్చుకునే వీలు ఎలాగూ ఉంటుంది.