వేడికి అడ్డు స్లాబు కింద కాదు, పైన!

నమస్కారం. ఎండలు ముదిరితే చాలు, "థర్మాకోల్ సీలింగు వేయించాం, అయినా రాత్రి నిద్ర పట్టడం లేదు" అని ఎవరో ఒకరు అడుగుతారు. వేయించింది ఇంటి లోపల, స్లాబు కింద! విన్న ప్రతిసారీ ప్రాణం ఉసూరుమంటుంది.

రాత్రి తొమ్మిదింటికి స్టూలెక్కి స్లాబుకు అరచెయ్యి ఆనించండి. పొద్దు గుంకి రెండు గంటలు దాటినా వేడిగానే ఉంటుంది. స్లాబంటే అట్ల పెనం. పొయ్యి కట్టేశాక కూడా దాని మీద ఇంకో అట్టు కాలుతుంది. మధ్యాహ్నం డాబా పైభాగం 60 డిగ్రీలు దాటుతుంది. ఆ వేడి అడుగుకు దిగడానికి కొన్ని గంటలు పడుతుంది. మనం పక్క వేసుకునే వేళకు పెనం మంచి కాక మీద ఉంటుంది. ఫ్యాను తిప్పేది ఆ పెనం కింది గాలినే.

సీలింగు పెనానికీ మనకూ మధ్య అడ్డు. పగలు ఏసీ నడిచే ఆఫీసుకు అది మేలే. కానీ పెనం కాగడం ఆగదు. అడ్డు పెట్టాల్సింది మంటకూ పెనానికీ మధ్య, అంటే స్లాబు పైన. అంగుళం మందం ఎక్స్‌పీఎస్ పలక (థర్మాకోల్ జాతిదే, కానీ గట్టిది, నీరు అంతగా పీల్చదు), వేడిని ఆపడంలో దాదాపు నాలుగడుగుల కాంక్రీటుతో సమానం! ఈ లెక్క ఎన్నిసార్లు చెప్పినా నాకు తనివి తీరదు. రాయలసీమ మట్టి మిద్దెలు చూడండి: దంతెలు, బండలు, వాటిపైన మందంగా మట్టి, ఆపైన చౌడు. అడ్డంతా పైనే.

తెల్ల పూత వేస్తే మంటే తగ్గుతుంది. బూడిదరంగు కాంక్రీటు ఎండలో దాదాపు మూడో వంతునే వెనక్కి పంపితే, మంచి తెల్ల పూత కొత్తలో 70 శాతానికి పైగా పంపుతుంది. తెలంగాణ 2023లో దీనికోసం కూల్ రూఫ్ (చల్లని పైకప్పు) విధానమే తెచ్చింది. దుమ్ము పడితే ఆ గుణం తగ్గుతుంది, వేసవికి ముందు కడగండి.

సమయం అయిపోతోంది, పని వరుస గబగబా చెబుతాను. ముందు పగుళ్లు పూడ్చి వాటర్‌ప్రూఫింగ్. దానిపై పలకలు, సందుల్లేకుండా. పైన సిమెంటు పొర, వాలు నీటి గొట్టం వైపు. చివర తెల్ల టైల్స్. పలకలను ఎండకు వదిలేయకండి. మామూలు థర్మాకోల్ వద్దు, నలుగుతుంది, నీరు పీలుస్తుంది. పై అంతస్తు వేసే ఆలోచన ఉంటే ఇప్పటికి తెల్ల పూత చాలు.