రెండు హార్న్‌లతో నాలుగు స్వరాల కార్డ్: జాజ్ అరేంజింగ్ కోర్సు రివ్యూ

హాయ్ అండీ, నమస్తే. ముందే చెప్పేస్తున్నా, ఈ అరేంజింగ్ కోర్సు, అంటే ఏ వాయిద్యం ఏం వాయించాలో రాయడం నేర్పేది, నాకు ఫ్రీగా ఇచ్చారు. కింద లింక్‌లోంచి కొంటే నాకు కొంచెం కమీషన్ కూడా వస్తుంది. పేరు థంబ్‌నెయిల్ మీద ఉంది, రేటెంత, ఎన్ని గంటలు, సర్టిఫికెట్ సంగతేంటి అన్నవి వాళ్ళ పేజీలో చూసే వచ్చుంటారు. వాటి జోలికి పోను. అసలీ వీడియో చేస్తున్నదే మూడో మాడ్యూల్ కోసం.

నేను పదేళ్ళు పెళ్ళిళ్ళకీ, మ్యూజికల్ నైట్లకీ కీబోర్డ్ వాయించా. నా మొదటి కీబోర్డ్‌లో స్టైల్స్ ఉండేవి. ఎడమ చేత్తో ఒక్క వేలు పెడితే చాలు, డ్రమ్స్, బేస్, గిటార్, వెనకాల వయొలిన్లు, అన్నీ మోగిపోయేవి. మహారాజ భోగం! దాని పుణ్యమా అని, బేస్ వాయించేవాళ్ళు అసలేం చేస్తారో నాకు చాన్నాళ్ళు తెలీనే లేదు. కార్డ్ అంటే వేళ్ళన్నీ ఒకేసారి దించెయ్యడమే అనుకునేవాణ్ణి.

అలాంటోడికి రెండు హార్న్‌లు, అంటే ఊది వాయించేవి, ఒక ట్రంపెట్, ఒక టెనర్ సాక్స్ ఇచ్చి, 'పాట రాయి' అంటే? ఒక్కోటి ఒక్కో స్వరమే పలుకుతుంది. కార్డ్‌లో చూస్తే నాలుగున్నాయి. మిగతా రెండూ ఎవరు వాయిస్తారు?

మూడో మాడ్యూల్ మొత్తం ఇదే. చూడండి, మూడు కార్డ్‌లు: డి మైనర్ సెవెన్, జి సెవెన్, సి మేజర్ సెవెన్. రూట్, అంటే కార్డ్‌కి పేరిచ్చే మొదటి స్వరం, బేస్‌వాళ్ళు చూసుకుంటారు. అయిదో స్వరం లేకపోయినా ఇక్కడ చెవి పెద్దగా వెతుక్కోదు. మిగిలినవి మూడోది, ఏడోది. డి మైనర్ సెవెన్‌లో అవి ఎఫ్, సి. టెనర్‌కి ఎఫ్, దాని పైన ట్రంపెట్‌కి సి ఇచ్చాం. జి సెవెన్ రాగానే ట్రంపెట్ సి నుంచి బికి అర మెట్టు దిగుతుంది. టెనర్ కదల్లేదు, అదే ఎఫ్. కానీ ఇందాక మూడో స్వరంగా ఉన్నది ఇప్పుడు ఏడోదైపోయింది! తర్వాత సి మేజర్ సెవెన్‌కి టెనర్ ఎఫ్ నుంచి 'ఇ' స్వరానికి దిగుతుంది, ట్రంపెట్ బి మీదే ఆగుతుంది. ఒకరు నిలబడితే ఇంకొకరు అడుగేస్తారు. వినండి... (వాయించి) ...విన్నారా? నేను వాయించింది రెండు వేళ్ళతోనే.

ఈ కోర్సులో నాకు పిచ్చి పట్టించింది మ్యూట్ బటన్. పాఠంలో ప్రతి ట్యూన్‌నీ అయిదుగురు మనుషులే వాయించారు, ఎవరి ట్రాక్ వాళ్ళకుంది. పియానో మ్యూట్ చేశా. కార్డ్ ఎక్కడికీ పోలేదు. ఒక రాత్రంతా ఇదే ఆట. 1952లో లాస్ ఏంజెలెస్‌లో జెర్రీ మలిగన్ చేసింది ఇదే కదా: పియానోయే లేని క్వార్టెట్, ఆయన బ్యారిటోన్ సాక్స్, చెట్ బేకర్ ట్రంపెట్, బేస్, డ్రమ్స్. కీబోర్డ్ వాయించే వాణ్ణి కాబట్టి కాస్త అవమానంగానే ఉంది. హోరెస్ సిల్వర్ పియానిస్ట్ అయ్యుండి కూడా అసలు మెలోడీ ట్రంపెట్, టెనర్‌లకి ఇచ్చి, ఇంట్రోలు, ఇంటర్లూడ్లు ఎంత పనితనంతో రాశాడో వినండి. ఆ తర్వాత 1961లో డ్రమ్మర్ ఆర్ట్ బ్లేకీ బ్యాండ్ జాజ్ మెసెంజర్స్‌లో కర్టిస్ ఫుల్లర్ ట్రాంబోన్‌తో ముందు వరుసలో హార్న్‌లవాళ్ళు ముగ్గురైనప్పుడు, ఆ మూడో మనిషితో ఏం పెరిగిందో మీ చెవికే తెలుస్తుంది.

ఇప్పుడు ఒళ్ళు మండిన సంగతి. మనం రాసి పంపిన హోంవర్క్‌ని మాత్రం సాఫ్ట్‌వేర్ వాయిస్తుంది. నేనొక పన్నెండు బార్ల బ్లూస్ రాశా. కంప్యూటర్ గడగడా వాయించేసింది. 'చాలా బాగుంది' అని మార్కులూ వచ్చేశాయి. ఆ కాగితం పట్టుకుని మా ట్రంపెట్ బాబాయ్ దగ్గరికెళ్ళా. పోలీస్ బ్యాండ్‌లో చేసి రిటైరయ్యారు, ఇప్పుడు పెళ్ళిళ్ళకి వాయిస్తారు. రెండు బార్లు వాయించి ఆపేసి, "ఏరా అబ్బాయ్, ఇది ట్రంపెట్ పార్టా, పియానో పార్టా?" అన్నారు. బి ఫ్లాట్ ట్రంపెట్‌కి ఒక ఫుల్ మెట్టు పైకి రాయాలి, సి వినిపించాలంటే డి రాయాలి. మర్చిపోయా. అది నా తప్పే. సరే, దిద్ది ఇచ్చా. ఏడో బార్‌కి మొహం ఎర్రగా అయిపోయింది. "ఊపిరెక్కడ పీల్చుకోమంటావు రా?" పన్నెండు బార్లలో ఒక్క రెస్ట్, అంటే వాయించకుండా ఆగే చోటు, లేదు! కంప్యూటర్‌కి ఊపిరితిత్తులుండవు, అది చెప్పదు. మరి కోర్సు వాళ్ళు చెప్పాలా వద్దా?

డ్రమ్స్‌కి ఇచ్చింది ఒక్కటే వీడియో. ప్రతి హై-హ్యాట్ దెబ్బా రాయక్కర్లేదు, స్లాష్‌లు, అంటే బీట్‌కో ఏటవాలు గీత, గీసి, హార్న్‌లు ఎక్కడ గట్టిగా కొడతాయో ఆ కిక్స్ పైన చిన్నగా రాస్తే చాలు. ఈ రెండు ముక్కలూ నేను వేరే చోట నేర్చుకున్నా. హార్మనీకి మాత్రం నాలుగు మాడ్యూళ్ళు.

అయినా కొనమంటారా అంటే, కొనమంటా. ఆ మ్యూట్ బటన్ కోసం కొనండి. ఫుల్ రేటుకి మాత్రం వద్దు, ఆఫర్ వచ్చేదాకా ఆగండి. నాకు కమీషన్ తగ్గినా ఫర్వాలేదు. హోంవర్క్ వాళ్ళకి పంపే ముందు మీ ఊళ్ళో బ్యాండ్ వాయించే ఎవరి చేతైనా ఒకసారి వాయించుకోండి.

బాబాయ్‌కి శుక్రవారం పెళ్ళి ఉంది. ఆదివారం ఖాళీ అన్నారు. నాలుగో బార్‌లో, ఎనిమిదో బార్‌లో రెస్ట్‌లు పెట్టాను, రికార్డ్ చేసి పెడతా.