చిట్టెలుకకూ ఎలుకకూ తేడా తెలిసిన యాంటీబాడీ

నమస్కారం. ముందే చెప్పేస్తున్నాను, ఈ సీసాను కంపెనీ వాళ్లు నాకు ఉచితంగా పంపారు. కణంలోని ప్రోటీన్‌కు అంటుకునే మొదటి యాంటీబాడీ ప్రైమరీ, దాన్ని పట్టుకుని రంగుతో చూపే రెండో యాంటీబాడీ సెకండరీ. చిట్టెలుక (మౌస్) యాంటీబాడీని పట్టుకునే సెకండరీ ఇది. మేకలో తయారైంది, 488 నానోమీటర్ల లేజర్ తగిలితే ఆకుపచ్చగా వెలుగుతుంది. మిగతా వివరాలు డేటాషీట్‌లో చూసే ఉంటారు.

నేను మాట్లాడాలనుకున్నది సీసా మీది ఒక్క మాట గురించే: క్రాస్ అడ్సార్బ్‌డ్. అంటే, వేరే జంతువుల యాంటీబాడీలకు అంటుకునేవాటిని ముందే తీసేసి శుద్ధి చేశారని.

ఇంతకుముందు వాడిన సెకండరీకి ఆ శుద్ధి లేదు. ఒకే కణంలో నా ప్రోటీన్‌కు చిట్టెలుక యాంటీబాడీ, కణంలోని సన్నని గొట్టాలైన మైక్రోట్యూబుల్స్‌ను కట్టే ట్యూబులిన్‌కు ఎలుక (ర్యాట్) యాంటీబాడీ వేశాను. ఆకుపచ్చ రంగు మైక్రోట్యూబుల్స్ వెంట దారాల్లా పరుచుకుంది. నా ప్రోటీన్ అక్కడే ఉందని మూడు వారాలు సంబరపడ్డాను. తర్వాత చిట్టెలుక యాంటీబాడీ వేయకుండా చూస్తే, అవే దారాలు! ఈ రెండు జంతువుల యాంటీబాడీలు ఎంతో దగ్గరి పోలికతో ఉంటాయి కాబట్టి, సెకండరీ రెండింటినీ పట్టేసింది. ఆ రోజు కలిగిన బాధ ఇప్పటికీ పోలేదు.

ఈ కొత్తదాన్ని ఎలుక ప్రోటీన్లు అతికించిన కాలమ్ గుండా పంపారు. ఎలుకకు అంటుకునేవన్నీ అందులోనే ఆగిపోతాయి. వాటితోపాటు కొన్ని మంచి యాంటీబాడీలూ పోతాయి, అందుకే వెలుగు కాస్త తగ్గవచ్చు. నాకు ఆ నష్టం సమ్మతమే. అదే పరీక్ష మళ్లీ చేశాను, ఎలుక యాంటీబాడీ మాత్రమే వేసి. తెర మీద చూడండి, నల్లగా ఉంది. ఇంత అందమైన నలుపును నేను చూడలేదు!

రంగు నిలకడ కూడా బాగుంది. 1942లో ఆల్బర్ట్ కూన్స్ బృందం కణజాలంలో న్యుమోకాకస్ బ్యాక్టీరియా యాంటీజెన్‌ను చూపింది యాంటీబాడీకి తగిలించిన ఫ్లోరెసీన్ అనే రంగుతోనే. ఆ రంగంటే నాకు గౌరవమే కానీ, దాని వారసుడు ఎఫ్ఐటీసీ నేను ఫోకస్ సరిచేసేలోపే వెలిసిపోయేది. ఇది అలా కాదు, ఒకే చోట ఇరవై పొరల చిత్రాలు తీసినా నిలబడింది.

కోపం వచ్చింది ఒక్క విషయంలోనే. ఏయే జంతువుల ప్రోటీన్లతో శుద్ధి చేశారో సీసా మీద లేదు, కేటలాగ్‌లో వెతకాలి. ఫ్రిజ్ ముందు చేతిలో సీసాతో నిలబడ్డ మనిషికి కావలసింది ఆ సమాచారమే కదా!

అయినా నేను దీన్నే కొంటాను. మీరు కొన్నా, ప్రైమరీలను ఒక్కొక్కటిగా వేసిన కవర్‌స్లిప్‌లు (కణాలుండే పలుచని గాజు ముక్కలు), సెకండరీ మాత్రమే వేసినది ఒకటి, ప్రతి ప్రయోగంలోనూ పక్కన పెట్టుకోండి.