విదేశంతో కలిసి పరిశోధన: ఖర్చు ఎవరిది? (ఫోన్-ఇన్ కార్యక్రమం)

వ్యాఖ్యాత: నమస్కారం. రెండు దేశాలు కలిసి చేసే పరిశోధనలకు ప్రభుత్వ నిధుల గురించి మాట్లాడడానికి విశ్రాంత ఆచార్యులు మన బరంపురం స్టూడియోకి వచ్చారు. మొదటి కాలర్, పర్లాకిమిడి నుంచి. హలో?

కాలర్: హలో, వినబడుతోందా సార్?

ఆచార్యులు: వినబడుతోందండి. పక్కన రేడియో తగ్గించండి.

కాలర్: ఆ, తగ్గించేను. మా అమ్మాయి అక్కడే బరంపురంలో పీహెచ్‌డీ చేస్తోంది సార్, చోళ్ళ మీద, అదే రాగుల మీద. మా నాన్న కొండవార చోళ్ళు వేసేవాడు. ఈ పిల్ల తాత వెనకాలే తిరిగేది, అప్పట్నుంచే దానికి... సరే, అదేటంటే, ఫ్రాన్సులో ఒక ప్రొఫెసరు రమ్మని మెయిలు పెట్టేడు. డబ్బులు వాళ్ళే ఇస్తారా?

ఆచార్యులు: అందరూ పొరబడేది ఇక్కడేనండి. మామూలు ఒప్పందాల్లో ఏ దేశం ఖర్చు ఆ దేశానిదే. మన వాళ్ళు ఢిల్లీలో డీఎస్‌టీకి, అంటే కేంద్ర సైన్స్ అండ్ టెక్నాలజీ శాఖకి, దరఖాస్తు పెడితే, అటు వాళ్ళు తమ ప్రభుత్వానికి పెట్టాలి. రెండు చోట్లా పడాలి. ఒకవైపే పడితే పక్కన పెట్టేస్తారు. ఫ్రాన్సుతో కొంచెం వేరు. 1987 నుంచి ఢిల్లీలో సెఫిప్రా అని ఉమ్మడి కేంద్రం ఉంది. దానికి రెండు ప్రభుత్వాలూ సొమ్ము ఇస్తాయి.

కాలర్: అయితే విమానం టికెట్టు ఆ ప్రొఫెసరే కొంటాడా సార్?

ఆచార్యులు: మళ్ళీ అక్కడికే వచ్చేరు! చాలా ఒప్పందాల్లో టికెట్టు పంపే దేశానిది, అక్కడ ఉండే ఖర్చు పిలిచిన దేశానిది.

కాలర్: అది కాదు సార్, ఎకరంన్నర తాకట్టు పెట్టేద్దామని...

ఆచార్యులు: వద్దండీ! దయచేసి ఆ పని చెయ్యకండి. మెయిలు ఒక్కటీ చూసి భూమి తాకట్టు పెట్టొద్దు. పీహెచ్‌డీ పిల్లలు ఫ్రాన్సు వెళ్ళి కొన్ని నెలలు పనిచేసి రావడానికి రామన్-చార్పాక్ ఫెలోషిప్ ఉంది, 2013లో మొదలైంది. ఆ రామన్ గారు చిన్నప్పుడు మన విశాఖపట్నంలోనే చదువుకున్నారు. అమ్మాయి ఉందా? ఫోనివ్వండి.

అమ్మాయి: నమస్తే సార్. ఉమ్మడి ప్రాజెక్టు నా పేరు మీదే పెట్టొచ్చా?

ఆచార్యులు: లేదమ్మా. దానికి సంస్థలో రెగ్యులర్ ఉద్యోగం ఉండాలి. ప్రాజెక్టు మీ గైడు గారి పేరు మీద, ఫెలోషిప్ నీ పేరు మీద. ఆ ప్రొఫెసరుతో ఇప్పుడే మాట్లాడి, ఎవరు ఏ పని చేస్తారో రాసుకో. ప్రకటన వచ్చేక మొదలెడితే గడువు చాలదు. నాన్నగారికి తాకట్టు మాట మరిపించు తల్లీ.

అమ్మాయి: అలాగే సార్.

వ్యాఖ్యాత: థాంక్యూ అమ్మా. జయపురం నుంచి లెక్చరర్ గారు.

కాలర్: సార్, కోరాపుట్ దేశవాళీ వరి విత్తనాలు జపాన్ మిత్రుడికి కొరియర్ చేస్తే...

ఆచార్యులు: చెయ్యకండి! 2002 జీవవైవిధ్య చట్టం ఉంది. కేంద్రం మార్గదర్శకాల ప్రకారం ఆమోదం పొందిన ఉమ్మడి ప్రాజెక్టయితే సడలింపు ఉంది. లేకపోతే చెన్నైలోని జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ అనుమతి కావాలి. ఆ గింజలు కొండ మీద ఆడవాళ్ళు తరాలుగా దాచినవండీ. స్నేహం కొద్దీ పంపేసేవి కావు.

వ్యాఖ్యాత: రాయగడ కాలర్, క్లుప్తంగా.

కాలర్: నాది చిన్న ఫ్యాక్టరీ. మాకేమైనా ఉందా?

ఆచార్యులు: జర్మనీతో ఉంది. ఇండో-జర్మన్ సైన్స్ అండ్ టెక్నాలజీ సెంటర్, గురుగ్రామ్. ఇటు ఒక పరిశోధన సంస్థ, ఒక పరిశ్రమ, అటూ అంతే. టూ ప్లస్ టూ అంటారు. ముందు మీ దగ్గర్లో ఒక...

వ్యాఖ్యాత: లైను తెగింది. సమయం కూడా అయిపోయింది సార్.

ఆచార్యులు: ఒక్క ముక్క. పర్లాకిమిడి నాన్నగారూ, వింటున్నారా? భూమి జోలికి వెళ్ళకండి.