కోచ్ ఇచ్చే ఇన్‌హేలర్: ఆ రెండు పఫ్‌ల లెక్క

[తెర: వామప్ ట్రాక్. కోచ్ బ్యాగులోంచి నీలం ఇన్‌హేలర్ తీసి అథ్లెట్‌కి అందిస్తాడు.]

వ్యాఖ్యాత: "ఆయాసంగా ఉందా? ఇదిగో, రెండు పఫ్‌లు కొట్టు." ఆ మందు ఎవరి పేరున రాసిందో అడిగేవాళ్లు తక్కువ. ముందు అందులో ఏముందో చూడాలి.

[తెర: లేబుల్ దగ్గరగా.]

ఆస్తమా మందు సాల్బుటమాల్ అయితే సాధారణంగా పఫ్‌కి 100 మైక్రోగ్రాములు. ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ 'వాడా' పెట్టిన హద్దు 24 గంటల్లో 1600. 2022 నుంచి ఏ 8 గంటల్లోనూ 600 దాటకూడదు, అంటే ఆరు పఫ్‌లు. ఉదయం సొంత ఇన్‌హేలర్‌తో నాలుగు, మూడు గంటల తర్వాత కోచ్ ఇచ్చినవి నాలుగు. హద్దు దాటిపోయింది, ఎందుకంటే ఇద్దరి దగ్గరా ఉన్నది సగం లెక్కే. 2014లో ఇటలీ సైకిల్ రేసు జిరో దితాలియాలో సైక్లిస్ట్ దియేగో ఉలిస్సి మూత్రంలో సాల్బుటమాల్ మిల్లీలీటరుకి 1900 నానోగ్రాములు తేలింది. పరిమితి 1000. తొమ్మిది నెలల నిషేధం పడింది.

మందును పొగమంచులా పీల్పించే యంత్రం, నెబ్యులైజర్, ఇంకా ప్రమాదం: 2.5 మిల్లీగ్రాముల డోసు ఒక్కటి పెడితే 2500 మైక్రోగ్రాములు.

[తెర: ఇంకో ఇన్‌హేలర్. లేబుల్: టెర్బుటలిన్.]

ఇదీ ఆస్తమా మందే, కానీ చికిత్సా మినహాయింపు, అంటే వైద్య కారణంతో నిషేధిత మందు వాడుకునే అనుమతి, లేకుండా ఒక్క పఫ్ కూడా కుదరదు. సైక్లిస్ట్ సైమన్ యేట్స్‌కి ఆస్తమా ఉంది; జట్టు వైద్యుడు మినహాయింపుకి దరఖాస్తు చేయకపోవడంతో 2016లో నాలుగు నెలలు ఆటకు దూరమయ్యాడు. సాల్బుటమాల్ మాత్రలూ, సిరప్పూ ఇంతే. నిషేధిత మందు ఇచ్చిన కోచ్‌కి నాలుగేళ్ల నుంచి జీవితకాలం దాకా నిషేధం పడొచ్చు. "మా కోచ్ ఇచ్చాడు" అన్నంత మాత్రాన అథ్లెట్ బయటపడడు.

అసలు అది ఆస్తమాయేనా? పిల్లికూతలు ఊపిరి వదిలేటప్పుడు, పరుగు ఆపాక ఐదు పది నిమిషాల్లో ముదిరితే కావచ్చు. గాలి పీల్చేటప్పుడు గొంతు దగ్గర గురగుర వచ్చి, ఆగగానే తగ్గితే స్వరపేటిక బిగుసుకుంటున్నట్టు. దానికి ఇన్‌హేలర్ పనిచేయదు. తేల్చేది స్పైరోమెట్రీ అనే ఊపిరి పరీక్ష: వ్యాయామం తర్వాత మొదటి సెకనులో వదిలే గాలి 10 శాతమైనా తగ్గాలి.

[తెర: కూలబడ్డ అథ్లెట్, స్పేసర్.]

మాట పూర్తిచేయలేకపోయినా, పెదవులు నీలమైనా పై లెక్కలు పక్కన పెట్టండి. ఎవరిదైనా సరే, సాల్బుటమాల్‌ని స్పేసర్‌తో, అంటే ఇన్‌హేలర్‌కి తగిలించే గొట్టంతో, ఒక్కొక్క పఫ్‌గా ఇస్తూ అంబులెన్సు పిలవండి. టైమూ, పఫ్‌ల సంఖ్యా రాసిపెట్టండి: అత్యవసర చికిత్సకి తర్వాత కూడా మినహాయింపు అడగొచ్చు, అప్పుడు ఈ కాగితమే ఆధారం.