స్లాబ్ పడకముందే టీవీకి, నెట్‌కి పైపులు

[తెరపై: కావలిలో కడుతున్న ఇల్లు. సెంట్రింగ్ మీద కడ్డీలు కట్టి ఉన్నాయి.]

నమస్కారం అండీ. ఇప్పుడు కావలిలో ఒక ఇంటి సెంట్రింగ్ మీద నిలబడి మాట్లాడుతున్నాను. రేపు పొద్దున్నే స్లాబ్. కరెంటు పైపులన్నీ పడ్డాయి, ఫ్యాన్ బాక్సులు పెట్టారు. టీవీకి, ఇంటర్నెట్‌కి మాత్రం ఒక్క పైపు కూడా లేదు. అదేంటని అడిగితే, "ఇప్పుడంతా వైఫైయే కదన్నా" అన్నారు ఇంటాయన. అందుకే ఈ వీడియో.

సింగరాయకొండలో మా అక్కావాళ్లు ఇల్లు కట్టినప్పుడు నేనూ అలాగే అనుకున్నాను. గృహప్రవేశం అయ్యాక డిష్ పెట్టించారు. కేబుల్ మిద్దె మీద నుంచి ముందు గోడ మీదుగా వేలాడుతూ వచ్చి హాలు కిటికీ సందులో దూరింది. ఆ కిటికీ మళ్లీ సరిగ్గా మూసుకోలేదు. తర్వాత పిల్లాడికి పై గదిలో ఆన్‌లైన్ క్లాసులు మొదలయ్యాయి. కింద హాల్లో ఉన్న రౌటర్ సిగ్నల్ స్లాబ్ దాటి పైకి అందలేదు. లప్పం పెట్టి రంగేసిన గోడకి మళ్లీ గాడి కొట్టాం. దుమ్ము తుడుస్తూ అక్క, "ముందే చెప్పుంటే సరిపోయేది కదరా" అంది. అప్పటి నుంచి ఏ ఇంటికి పనికెళ్లినా మొదట అడిగేది ఈ పైపుల గురించే.

[తెరపై: ఇంటి ప్లాను. మెట్ల కింద ఒక గుర్తు, అక్కడి నుంచి గదులకు గీతలు.]

ముందు ఇంట్లో ఒక చోటు అనుకోండి. మెట్ల కింద గానీ, హాలు మూల గానీ. అక్కడ గోడలో రౌటర్, కేబుళ్లు ఉండేలా ఒక పెట్టె, పక్కనే ఇన్వర్టర్ లైను ఉన్న ప్లగ్ పాయింట్. కరెంటు పోయినా నెట్ ఆగకుండా ఉండేది దీనివల్లే. ఆ పెట్టె నుంచి టీవీ పెట్టే ప్రతి గోడకూ, చదువుకునే గదికీ విడివిడిగా 25 మిల్లీమీటర్ల పైపు వెళ్లాలి. ఒక గదిలోంచి ఇంకో గదికి గొలుసులా లాగొద్దు. మిద్దె మీదికి ఒకటి, వీధి స్తంభం నుంచి వచ్చే ఫైబర్ కోసం ఇంకొకటి. మలుపుల్లో ఎల్బో వాడితే కేబుల్ ఇరుక్కుంటుంది, నిదానంగా వంగే లాంగ్ బెండ్ వేయించండి. ప్రతి పైపులో ఒక నైలాన్ తాడు వదిలి పెట్టండి, తర్వాత కేబుల్ లాగడానికి.

కరెంటు వైర్లున్న పైపులో ఈ కేబుళ్లు ఎట్టి పరిస్థితుల్లోనూ దూర్చొద్దు. "చోటుంది కదా" అని చాలామంది దూరుస్తారు. లోపల 230 వోల్టుల వైరు ఎక్కడైనా ఒలిచిపోతే ఆ కరెంటు కేబుల్ పట్టుకుని సెట్‌టాప్ బాక్స్ దాకా వస్తుంది. దాన్ని ముట్టుకునేది ఇంట్లో పిల్లలే.

[తెరపై: మిద్దె మీద డిష్. కెమెరా ఆగ్నేయం వైపు తిరుగుతుంది.]

డిష్ ఎక్కడ పెట్టాలి? నెల్లూరు ప్రాంతంలో డీడీ ఫ్రీ డిష్‌కి జీశాట్-15 ఉపగ్రహం వైపు చూపించాలి. అది భూమధ్యరేఖ మీద, 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశంలో ఉంటుంది. మనకి ఆగ్నేయ దిక్కున, సుమారు 67 డిగ్రీల ఎత్తులో, అంటే నడినెత్తికి కాస్త ఇవతల. డిష్ చూడటానికి అంత పైకి తిరిగినట్టు కనిపించదు. ఎందుకంటే దాని ముందు చేయి మధ్యలో కాకుండా కింది అంచున ఉంటుంది, పల్లెం వంపే ఆ తేడాని సర్దుతుంది. ఇంత ఎత్తు వల్ల మనకో మేలుంది. ఉలవపాడు వైపు మామిడి తోటల్లో ఉన్న ఇళ్లవాళ్లు చెట్ల గురించి టెన్షన్ పడతారు. డిష్‌కి 3 మీటర్ల దూరంలో ఉన్న చెట్టు డిష్ కన్నా 7 మీటర్లు ఎత్తు పెరిగితే గానీ అడ్డం రాదు.

ఇక నాకు ఎక్కువగా వచ్చే ఫోను: "అన్నా, హాల్లో ఛానల్ మారిస్తే బెడ్‌రూమ్ టీవీలో బొమ్మ పోతోంది." ఇది కొంచెం వివరంగా చెప్పాలి.

[తెరపై: డిష్ నుంచి బాక్స్ దాకా బొమ్మ.]

ఉపగ్రహం నుంచి వచ్చే తరంగాలు చాలా పైస్థాయివి, దాదాపు 11, 12 గిగాహెర్ట్జ్. మామూలు కేబుల్‌లో కొన్ని మీటర్లు పోయేసరికే నీరసించిపోతాయి. అందుకే డిష్ ముందు చేయి చివరున్న ఎల్‌ఎన్‌బీ అనే చిన్న పరికరం వాటిని 950 నుంచి 2150 మెగాహెర్ట్జ్ మధ్యకి దించి కిందికి పంపుతుంది. ఆ పని చేయడానికి దానికి కరెంటు కావాలి కదా, అది సెట్‌టాప్ బాక్స్ నుంచే అదే కేబుల్‌లో పైకి వెళ్తుంది. బాక్స్ 13 వోల్టులు పంపితే నిలువు తరంగాల ఛానళ్లు వస్తాయి, 18 పంపితే అడ్డ తరంగాలవి. ఒకే తీగని స్ప్లిటర్‌తో రెండు బాక్సులకి పంచితే, హాలు 13 అడుగుతుంది, బెడ్‌రూమ్ 18 అడుగుతుంది. ఎల్‌ఎన్‌బీ ఒక్కరి మాటే వినగలదు. రెండోవాళ్లకి బొమ్మ పోతుంది. డిష్ చెడిపోలేదు, బాక్స్ చెడిపోలేదు. రెండు నోళ్ల ట్విన్ ఎల్‌ఎన్‌బీ పెట్టి ఒక్కో టీవీకి ఒక్కో కేబుల్ దించితే సమస్యే ఉండదు. అందుకే మిద్దె మీదికి వెళ్లే పైపు సన్నగా ఉండకూడదు.

కేబుల్ కొనేటప్పుడు టీవీకి ఆర్‌జీ6, నెట్‌కి క్యాట్6 అడగండి. క్యాట్6 చివర ఒక తీగని బ్లేడుతో గీకి చూడండి. లోపల వెండి రంగు కనిపిస్తే అది అల్యూమినియం, పైన రాగి పూత మాత్రమే. దాన్ని గోడలో పెట్టొద్దు, విరుగుతుంది. మొత్తం 8 తీగలూ కలపండి, నాలుగే కలిపితే వేగం 100 ఎంబీపీఎస్ దాటదు. రంగుల వరస రెండు చివర్లా ఒకటే ఉండాలి.

[తెరపై: పిట్టగోడ, దానికి బోల్టులతో బిగించిన డిష్.]

మనకి అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. తుఫాను గాలికి డిష్ కదలకుండా పిట్టగోడకో కాంక్రీట్ దిమ్మెకో బోల్టులతో బిగించండి. స్లాబ్‌కి రంధ్రం వేస్తే అక్కడే నీళ్లు దిగుతాయి. కేబుల్ పైపులోకి దూరే ముందు ఒక వంపు కిందికి వదలండి, వాన నీళ్లు ఆ వంపు దగ్గరే కారిపోతాయి. సముద్రపు గాలికి తుప్పు త్వరగా పడుతుంది కాబట్టి కనెక్టర్లకి రబ్బరు తొడుగు తప్పనిసరి. డిష్ కాలికి ఎర్త్ వైరు కట్టి ఇంటి ఎర్తింగ్‌కే కలపండి. ఉరుములు, మెరుపులు వచ్చేలా ఉంటే మాత్రం ముందే బాక్స్ కేబుల్, ప్లగ్ రెండూ తీసేయండి.

[తెరపై: సెంట్రింగ్ మీద కొత్తగా వేసిన పైపులు, పక్కన పరిచిన కొలత టేపు.]

కావలి ఇంటాయన ఒప్పుకున్నారు. సాయంత్రం లోపే ఆరు పైపులు వేశాం. ఇప్పుడు ప్రతి పైపు పక్కనా టేపు పరిచి, గోడ నుంచి ఎన్ని అడుగుల్లో ఉందో కనిపించేలా ఫోటోలు తీస్తున్నాను. రేపు వీటి మీద కాంక్రీట్ పడుతుంది. తర్వాత సీలింగ్‌కి ఎవరైనా డ్రిల్ పెట్టేటప్పుడు ఈ ఫోటోలే దిక్కు. అమ్మాయి పెళ్లి ఆల్బమ్ పక్కనే దాస్తానన్నారు ఇంటాయన.