కళ్లు రోడ్డు మీద, వేలు తెర మీద

శ్రోతలకు నమస్కారం.

మీలో కొందరు కారు నడుపుతూనే ఈ మాటలు వింటుండవచ్చు. వినండి, పరవాలేదు. కారులో డ్రైవరు కళ్లను అడగకుండా తన పని తాను చేసుకుపోయేది ఈ రేడియో ఒక్కటే. దీనికి చెవులిస్తే చాలు. కొత్త కార్లలో మిగతావన్నీ ‘ఇటు చూడు, ఇటు చూడు’ అని పిలిచేవే. ఈ పూట నా గోడంతా ఆ చూపు గురించే.

ఎలక్ట్రిక్ కారు తలుపు తీయగానే కొట్టొచ్చినట్టు కనిపించేది ఖాళీ. ముందు ఇంజిన్ లేదు, మధ్యలో పెద్ద గేరుబాక్సు లేదు. బ్యాటరీని నేల కింద పరుపులా పరిచేస్తారు. చాలా మోడళ్లలో నేల చదునుగా ఉంటుంది కాబట్టి వెనక సీటు మధ్యలో కూర్చునేవాళ్ల కాళ్లకు, పాత కార్ల నేల మధ్యలో ఉబ్బెత్తుగా ఉండే ఆ గూని అడ్డురాదు. మా అన్నదమ్ముల్లో నేనే చిన్నవాణ్ణి. నా చిన్నప్పటి కారు ప్రయాణాలన్నీ ఆ గూనికి చెరోపక్కా కాళ్లు వేసుకుని సాగినవే. అందుకని ఈ ఒక్క మార్పుకు మాత్రం కళ్లు మూసుకుని ఓటేస్తాను.

చప్పుడు సంగతి వేరు. ఇంజిన్ నోరు మూసుకోగానే మిగతావాటి నోళ్లు లేస్తాయి. టైర్ల రొద, గాలి హోరు, డ్యాష్‌బోర్డులో ఎక్కడో కిటకిటలాడే ప్లాస్టిక్ ముక్క, అన్నీ వినపడతాయి. అందుకే కొన్ని కార్లలో అద్దాలకు రెండు పొరలు, టైర్ల లోపల ఫోమ్ వచ్చాయి. ఇక వేడి. పెట్రోలు ఇంజిన్ దగ్గర వేడి ఊరికే దొరికేది. ఇక్కడ చలిలో కారంతా వెచ్చబెట్టాలంటే కిలోవాట్ల లెక్కన బ్యాటరీ ఖర్చవుతుంది. సీటు ఒక్కదాన్ని వెచ్చబెట్టడానికి అందులో చిన్న వంతు చాలు. హీటర్ ఉన్న సీటంటే విలాసం అనుకునేవాణ్ణి నేను. చలిదేశాల్లో అది పొదుపట!

ఇంతవరకూ నాకు పేచీ లేదు. నా పేచీ బటన్ల దగ్గర. బటన్ అంటే దానికో అచ్చు, దానికో తీగ, దాన్ని బిగించడానికో మనిషి. ఇరవై బటన్ల బదులు ఒక్క తెర పెడితే కంపెనీకి ఖర్చు తగ్గుతుంది. పైగా సాఫ్ట్‌వేర్ మార్చి రేపు కొత్త హంగులు పంపించుకోవచ్చు. ఖర్చు తగ్గించుకున్నామని ఎవరూ చెప్పరు కదా, ఆధునిక డిజైన్ అంటారు. టెస్లా 2023లో మార్చిన మోడల్ 3లో స్టీరింగ్ పక్కనుండే ఇండికేటర్ కాడనే తీసేసింది. ఇండికేటర్లు స్టీరింగ్ మీది బటన్లయ్యాయి, గేరు మార్చడమేమో తెర మీద వేలు జరపడమయింది. స్టీరింగ్ తిరిగితే ఆ బటన్లూ తిరుగుతాయి. సగం మలుపులో పైది ఏదో, కిందిది ఏదో వెతుక్కోవాలి. 2025లో వచ్చిన కొత్త మోడల్ వైలో మాత్రం ఆ కాడ ఉంది. జనం ఏమనుకున్నారో కంపెనీకి అర్థమైనట్టే ఉంది.

ఇప్పుడు నాకు చాలా ఇష్టమైన ఒక పరీక్ష గురించి తీరిగ్గా చెబుతాను. నాకిచ్చిన టైము తక్కువే, అయినా దీన్ని మాత్రం కుదించను.

2022లో స్వీడన్‌లో ‘వీ బీలేగరే’ అనే కార్ల పత్రికవాళ్లు పదకొండు కొత్త కార్లను ఒక విమానాల మైదానానికి తెచ్చారు. వాటి పక్కన పన్నెండోదిగా ఒక ముసలి కారును నిలబెట్టారు. 2005 నాటి వోల్వో వి70. అందులో టచ్ స్క్రీన్ లేదు, అన్నీ బటన్లే. పోటీ పెట్టారు గానీ, వేగానికి కాదు. అన్నీ గంటకు 110 కిలోమీటర్ల వేగంతోనే వెళ్లాలి. అలా వెళుతూ డ్రైవరు నాలుగు పనులు చేయాలి. సీటు హీటర్ వేసి, లోపలి వేడిని రెండు డిగ్రీలు పెంచి, అద్దం మసక పోగొట్టే డీఫ్రాస్టర్ ఆన్ చేయడం మొదటి పని. రేడియో పెట్టి ఫలానా స్టేషన్‌కు తిప్పడం రెండోది. ఈ పని పెట్టినవాళ్లకు నా తరఫున ప్రత్యేక నమస్కారం. ప్రయాణించిన దూరం లెక్కపెట్టే ట్రిప్ మీటరును సున్నా చేయడం మూడోది. డ్యాష్‌బోర్డు వెలుతురు బాగా తగ్గించి, మధ్యలో ఉన్న తెరను ఆర్పేయడం నాలుగోది. డ్రైవర్లను హఠాత్తుగా కూర్చోబెట్టలేదు, కార్లను అలవాటు చేసుకునేందుకు ముందే టైమిచ్చారు.

ఏం జరిగింది? ముసలి వోల్వోలో నాలుగు పనులూ పది సెకన్లలో అయిపోయాయి. ఆ పది సెకన్లలో కారు వెళ్లిన దూరం 306 మీటర్లు. అందరికంటే వెనకబడింది ఎంజీ మార్వెల్ ఆర్ అనే ఎలక్ట్రిక్ కారు. 44.9 సెకన్లు. ఆ లోపల కారు 1,372 మీటర్లు వెళ్లిపోయింది. మళ్లీ చెబుతున్నాను. అక్కడ 306 మీటర్లు, ఇక్కడ 1,372 మీటర్లు. పనులు అవే, వేగం అదే. ఆ దూరమంతా డ్రైవరు చూపు రోడ్డుకూ తెరకూ మధ్య ఊగిసలాడుతూనే ఉంది.

మరి తప్పు తెరదేనా? పూర్తిగా కాదు. అదే పరీక్షలో వోల్వో కొత్త ఎలక్ట్రిక్ కారు సి40 తెరతోనే 13.7 సెకన్లలో గట్టెక్కింది. రోజూ వాడేదాన్ని తెరలో మూడు అరల లోపల దాచిపెట్టడమే అసలు తప్పు. ఈ సంగతి పెద్దలకూ ఎక్కినట్టుంది. యూరప్‌లో కార్ల భద్రతకు నక్షత్రాలిచ్చే యూరో ఎన్‌క్యాప్ 2026 నుంచి ఇండికేటర్, హజార్డ్ లైట్లు, హారన్, వైపర్, అత్యవసర కాల్, ఈ అయిదింటికీ చేతికి తగిలే మీటలు ఉన్నాయా లేవా అని చూస్తోంది. ఫోక్స్‌వాగన్ కూడా బటన్లను మళ్లీ తెస్తామంది.

కాబట్టి షోరూమ్‌కి వెళ్లినప్పుడు ఆగి ఉన్న కారులో కూర్చుని కళ్లు మూసుకోండి. వైపర్ వేయండి. అద్దం మసక పోగొట్టే బటన్ నొక్కండి. హజార్డ్ లైట్లు వేయండి. సేల్స్ కుర్రాడు వింతగా చూస్తాడు, చూడనివ్వండి.

ఇక డబ్బు సంగతి. ఆ మధ్య మా పిన్ని కొడుకు షోరూమ్ నుంచే ఫోన్ చేశాడు. ‘అన్నయ్యా, అడాస్ అప్‌గ్రేడ్ ఈరోజు బుకింగ్‌తో కలిపి తీసుకుంటే తగ్గిస్తారట. దానంతట అదే లేన్ మారుతుందట. తీసుకోనా?’ అన్నాడు. అడాస్ అంటే డ్రైవరుకు సాయపడే ఏర్పాట్ల గుంపు. అందులో రకరకాలవి ఉంటాయి. ఎదురుగా ఏదైనా అడ్డొస్తే కారు తనంతట తాను బ్రేకు వేయడం ఒకటి. వెనక నుంచి గుద్దే ప్రమాదాలను ఇది సుమారు సగానికి తగ్గిస్తుందని అమెరికాలో రోడ్డు భద్రతను పరిశీలించే ఐఐహెచ్‌ఎస్ సంస్థ లెక్కలు చెబుతున్నాయి. యూరోపియన్ యూనియన్‌లో 2024 జూలై నుంచి అమ్మే కొత్త కార్లన్నిటికీ ఇది తప్పనిసరి. ఇది లేని కారు ఎంత చవకైనా నేను కొనను. పక్క లేన్‌లో కనపడని బండిని చూపించే బ్లైండ్ స్పాట్ హెచ్చరిక కూడా డబ్బు పెట్టదగ్గదే. ఈ రెండూ మీ చూపుకు తోడు.

మావాడు అడిగింది వీటి గురించి కాదు. స్టీరింగ్, వేగం, బ్రేకు మూడూ కారే చూసుకుంటుంది, నువ్వు ఊరికే గమనిస్తుండు అనే రకం. దీన్ని రెండో స్థాయి అంటారు. పేరు ఎంత గంభీరంగా పెట్టినా, ఈ స్థాయిలో ఏం జరిగినా చూసుకోవలసిన బాధ్యత డ్రైవరుదే. ముందు బండికి దూరం పాటిస్తూ వెళ్లే క్రూయిజ్ కూడా, రోడ్డు మీద ఆగి ఉన్న బండిని ఒక్కోసారి పట్టుకోలేకపోవచ్చని చాలా కార్ల మాన్యువల్‌లోనే రాసి ఉంటుంది. ఆ పేజీ ఎంతమంది చదువుతారు?

పైగా ఊరికే గమనించడం అంత తేలిక కాదు. 1948లో నార్మన్ మాక్‌వర్త్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఒక గడియారం ముల్లు ముందు మనుషుల్ని రెండు గంటలు కూర్చోబెట్టాడు. ముల్లు ఎప్పుడో ఒకసారి రెట్టింపు గెంతు వేస్తుంది, అది కనిపెట్టాలి, అంతే పని. మొదటి అరగంట తిరిగేసరికే చూపు మొద్దుబారడం మొదలైంది. రాడార్ తెరల ముందు కూర్చునే సైనికుల కోసం చేసిన ప్రయోగం అది. ఇప్పుడు ఆ ఉద్యోగం మనకిచ్చి, మన దగ్గరే డబ్బు తీసుకుంటున్నారు! డ్రైవరు దృష్టి రోడ్డు మీదే ఉండేలా చూసే ఏర్పాట్లను 2024లో ఐఐహెచ్‌ఎస్ 14 రకాల వ్యవస్థల్లో పరీక్షిస్తే, పదకొండింటికి అధమ మార్కులే వచ్చాయి.

మావాణ్ణి నేను ఒక్క ప్రశ్న అడగమన్నాను. మీరు కూడా ఈ ఒక్క ప్రశ్న గుర్తుపెట్టుకోండి. ‘ఈ అప్‌గ్రేడ్‌తో కారుకు కొత్తగా కెమెరాగానీ రాడార్‌గానీ బిగిస్తారా, లేక ఉన్నవాటినే ఆన్ చేస్తారా?’ కొత్తగా బిగించేదైతే ఇప్పుడే ఆలోచించుకోవాలి, తరవాత కుదరకపోవచ్చు. ఉన్నదాన్ని ఆన్ చేసేదైతే ఎప్పుడైనా చేయించుకోవచ్చు. దాని ధర కూడా స్థిరంగా ఉండదు. టెస్లా ఫుల్ సెల్ఫ్ డ్రైవింగ్ ప్యాకేజీ 2022 చివర్లో అమెరికాలో 15,000 డాలర్లు. 2024 ఏప్రిల్‌కి 8,000 డాలర్లు. మొదట కొన్నవాళ్ల కడుపుమంట ఊహించుకోండి.

ఫోన్‌లో కాసేపు గుసగుసలు వినిపించాయి. ‘ఉన్నవాటినే ఆన్ చేస్తారట అన్నయ్యా, నెలకింతని కూడా కట్టుకోవచ్చట.’ అయితే తొందరేముంది, ఒక నెల కట్టి చూడు అన్నాను. నెల తిరిగాక మళ్లీ ఫోన్ చేశాడు. ‘నడిపితే కూడా ఇంత అలిసిపోలేదన్నయ్యా, దాన్ని కాపలా కాయలేక చచ్చాను’ అన్నాడు. రెండో నెల కట్టలేదు. కారుతో వచ్చిన క్రూయిజ్ మాత్రం హైవే మీద వాడుకుంటున్నాడట, చేతులు స్టీరింగ్ మీదే ఉంచి, రేడియో పెట్టుకుని.

సెలవు. నమస్కారం.